మల్లుడికి మంజూరైన దుఃఖం

వినోద కుస్తీలో ఎవరు గెలుస్తారో ముందే నిర్ణయమై ఉంటుంది. ఎవరు ఎవరిని ఎత్తి ఎటు పడేయాలో, ఏ దెబ్బకు ఎంతసేపు మూలగాలో పొద్దున్నే కూర్చుని మాట్లాడుకుంటారు. ఇందులో దాపరికం లేదు. చూసేవాళ్ళకూ తెలుసు, తెలిసే వస్తారు. ముందుగా తెలియనిది ఒక్కటే, జనానికి ఎవరు నచ్చుతారన్నది. ఆ ఒక్క లోపాన్నీ సవరించాలని రాష్ట్ర వినోద కుస్తీ అభివృద్ధి మండలి వారు నిశ్చయించి, జనాభిమానం విభాగం అని ఒకటి తెరిచారు. ఆ విభాగానికి ఒక అదనపు సంచాలకులు వచ్చారు, ఆయనకు కారు వచ్చింది, కారుకు డ్రైవరు వచ్చాడు. అయినా ఏదో తక్కువైనట్టు ఉండిపోయింది. ఆలోచించగా, రాయడం వచ్చినవాడు లేడని తేలింది.

అలా బొడ్డేపల్లి నీలకంఠం డిప్యుటేషన్ మీద కుస్తీలోకి వచ్చాడు.

అతను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు మాస్టారు. మాట తూచి వాడే మనిషి. ఆ వేసవిలో భార్య పోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళంతా "ధైర్యంగా ఉండండి" అన్నారు. ధైర్యంగా ఉండడమంటే ఏం చేయాలో వాళ్ళూ చెప్పలేదు, అతనూ అడగలేదు. భార్య ప్రస్తావన వస్తే ఆవిడకు వంకాయ పడదు అనాలో, పడేది కాదు అనాలో తేలక, అసలు ప్రస్తావించడమే మానుకున్నాడు. అది చూసి అందరూ నిబ్బరమైన మనిషి అన్నారు. ఆ మాట విని అతను కొంచెం సంతోషించాడు కూడా. హెడ్మాస్టరు మాత్రం, "కొంచెం మార్పుగా ఉంటుంది, వెళ్ళిరండి" అని కాగితం చేతిలో పెట్టాడు. పిల్లలకు అలంకారాలు నేర్పుతూ జుట్టు నెరిసినవాడు, లంగోటా కట్టినవాళ్ళకు గర్జించడం నేర్పడానికి గొడుగు పట్టుకుని బయల్దేరాడు.

అదనపు సంచాలకులు చక్రధర ప్రసాద్ గారు ఎదురు వచ్చి మరీ కూర్చోబెట్టారు.

"చూడండి మాస్టారూ, జనాభిమానాన్ని ఇన్నాళ్ళూ అదృష్టానికి వదిలేశారు. నేను రాగానే అధ్యయన బృందాన్ని పంపాను. వాళ్ళు అనేక ప్రాంతాల్లో కుస్తీలు తిలకించి, ఒక నిర్ధారణకు వచ్చారు. ప్రేక్షకుడు కండను మెచ్చుకుంటాడు. కన్నీటిని ప్రేమిస్తాడు. కాబట్టి కొత్త మల్లుడికి కావలసింది కండ కాదు."

"మరి?"

"నేపథ్య దుఃఖం."

అప్పటికే ఉత్తర్వు అచ్చయి ఉంది. కొత్తగా చేరిన ప్రతి మల్లుడూ తనకు గల ఒక దుఃఖమును, సాధ్యమైనచో మరణ సంబంధమైనదానిని, మండలి ఆమోదమునకు సమర్పించవలెను. ఆమోదము పొందిన దుఃఖమును బరిలో మైకు నందు ప్రకటించిన పిమ్మటనే కుస్తీకి దిగవలెను. దానిని నాలుగు మాటల్లో, కరుణ రసంతో, రాసిపెట్టడం నీలకంఠం పని. "పోటీ పరీక్షల వ్యాసంలా ఉండకూడదు సుమండీ" అని చక్రధర ప్రసాద్ గారు హెచ్చరించారు. నీలకంఠం ఉత్తర్వులో రెండు అచ్చుతప్పులు చూపించాడు. ఉత్తర్వే ఒక తప్పని అతనికి అప్పుడు తట్టలేదు. అచ్చుతప్పు దొరికితే అతనికి ఇంకేమీ కనిపించదు.

కొత్త మల్లుడి పేరు మైలపల్లి ఎల్లాజీ. సముద్రపు ఒడ్డు ఊరివాడు. తండ్రి పడవ లాగి లాగి పెరిగిన భుజాలు. మండలి వారు అతనికి సముద్ర సింహం అని పేరు పెట్టారు. ఆ సింహం నీలకంఠాన్ని చూడగానే రెండు చేతులూ జోడించి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

"దుక్కవా? నాకేటి దుక్కం మాస్టారూ?"

"ఆలోచించు నాయనా. ఏదో ఒకటి ఉంటుంది."

ఎల్లాజీ నిజాయితీగా ఆలోచించాడు. నుదురు ముడివేశాడు. కాసేపటికి ముడి దానంతట అదే విడిపోయి మళ్ళీ నవ్వు వచ్చింది. "అమ్మ ఉన్నాది, నాన ఉన్నాడు. అన్నం అరుగుతాది. కుస్తీలో సేరాను. నన్నెవలైనా ఎత్తి పడేత్తే గాల్లో ఉంతాను సూడండి, అప్పుడు కడుపులో గిలిగింత పెడతాది. దుక్కం ఎలాగొత్తాది?" అని, మాస్టారు నిరాశపడ్డాడేమోనని తొందరగా, "సిన్నప్పుడు మేకపిల్ల సచ్చిపోనాది" అన్నాడు.

నీలకంఠం మేకపిల్ల మీద ఒక పేజీ రాశాడు. బాగానే వచ్చిందనుకున్నాడు. అది తిరిగి వచ్చింది. అంచున చక్రధర ప్రసాద్ గారి దస్తూరీ: "మేక స్థాయి దుఃఖం మండల స్థాయి పోటీలకు సరిపోవచ్చును. మనది రాష్ట్ర స్థాయి."

చివరికి పరిష్కారమూ ఆయనే కనిపెట్టారు. ఎల్లాజీ తల్లిదండ్రుల్ని పిలిపించి, కాఫీ ఇప్పించి, మెత్తగా విషయం కదిపారు. తండ్రి దానయ్య క్రీడాపరంగా మరణించాలి. తుఫానులో పడవతో సహా. ఇది చట్టపరమైన మరణం కాదు, రేషను కార్డుకు వర్తించదు, కేవలం బరి ఆవరణకే పరిమితం.

దానయ్య వెంటనే ఒప్పుకున్నాడు. "పిల్లడికి మేలవుద్దంటే సచ్చిపోడానికేటి బాబూ. కానీ ముందు వరసలో కుర్సీ ఇయ్యాల. నా కొడుకు కుస్తీ నాను సూడాల."

తల్లి నూకాలు లేచి నిలబడింది. "ఓలమ్మో, ఏటి మాటలయ్యా ఇవి! బతికున్న మనిసి సచ్చిపోనాడని మైకులో సెప్తే నా బొట్టేటయిపోద్ది?"

"అమ్మా, మీ బొట్టు విషయంలో మండలికి ఎటువంటి అభ్యంతరమూ లేదు" అన్నారు చక్రధర ప్రసాద్ గారు హుందాగా.

నూకాలు నీలకంఠం వైపు తిరిగింది. "మీరు పిల్లలకి సదువు సెప్పే మాస్టారంట గదా. మీరైనా సెప్పండి బాబూ, ఇదేటి బాగోతం?"

ఏదో ఒకటి చెప్పవలసిందే. అతను కళ్ళజోడు తుడుచుకున్నాడు. తుడవడం పూర్తయ్యేసరికి దానయ్య వేలిముద్ర వేసేశాడు.

మొదటి ప్రదర్శన మున్సిపల్ మైదానంలో. బరి మీద ఎల్లాజీ మైకు పట్టుకుని, నేర్పినట్టే, తుఫానులో కలిసిపోయిన తండ్రి గురించి చెప్పాడు. అక్కడక్కడ నవ్వు వచ్చినా, దగ్గులా మార్చుకున్నాడు. ముందు వరసలో ప్రత్యేక పాసుతో కూర్చున్న దానయ్యకు తన చావు వినగానే ఆగలేదు. "నాయనో!" అని పెద్దగా ఏడ్చాడు. పక్కవాళ్ళు మంచినీళ్ళిచ్చి ఊరడించారు. అంతవరకూ బాగానే ఉంది. ప్రతినాయకుడు యమగండం వచ్చి ఎల్లాజీ మెడ పట్టేసరికి మాత్రం పోయినవాడు కుర్చీ ఎక్కాడు.

"కాలట్టుకోరా! కాలట్టుకుని లాగీ!"

"అలాగే నానా!" అన్నాడు ఎల్లాజీ మెడ పట్టులోంచి.

మైదానమంతా విరగబడి నవ్వింది. అక్కడినుంచి ఎల్లాజీ ఏ పట్టు పట్టినా వెనకనుంచి ఎవడో ఒకడు, "మీ నానని అడిగి పట్టరా!" అని అరవడమే. ఎల్లాజీ చెవులు ఎర్రబడ్డాయి. చక్రధర ప్రసాద్ గారి నివేదికలో, "జనస్పందన అధికము. దాని దిశను మాత్రము సరిచేయవలసియున్నది" అని ఉంది.

దిశ సరయ్యేలోపు యమగండం అర్జీ పెట్టుకున్నాడు. బయట అతని పేరు కొల్లి సత్తిబాబు. పర్మనెంటు ఉద్యోగి, చక్కెర జబ్బు మనిషి, ఇడ్లీ కూడా లెక్కచూసుకుని తింటాడు. "కొత్తవాడికి మంజూరైన దుఃఖం సీనియర్నైన నాకెందుకు మంజూరు కాదు? జనం నన్నే ఎందుకు ఛీకొట్టాలి? నేను మాత్రం జీతగాణ్ణి కానా?" అన్నది అర్జీ సారాంశం. న్యాయమైన ప్రశ్న. వివక్ష చూపరాదని దుఃఖ పథకాన్ని అందరికీ విస్తరించారు. రిఫరీకి ఒక దుఃఖం, గంట కొట్టేవాడికి ఒకటి, బరి తాళ్ళు బిగించేవాడికి ఒకటి. అన్నీ నీలకంఠమే రాశాడు. ఎవరి దుఃఖం ఎవరిదానితో కలవకుండా, ఒకే ఉపమానం రెండుసార్లు రాకుండా జాగ్రత్తపడ్డాడు. గంట కొట్టేవాడి దుఃఖంలో గంటను పోలికగా వాడినందుకు తన్ను తానే మెచ్చుకున్నాడు.

రెండో ప్రదర్శనలో ముందు రిఫరీ ఏడ్చాడు. తరువాత గంట కొట్టేవాడు. యమగండం తన చక్కెర జబ్బు గురించి, తినలేని మామిడిపండ్ల గురించి చెప్పి కుప్పకూలగా, ఎల్లాజీ తట్టుకోలేక వెళ్ళి కౌగిలించుకున్నాడు. "ఊరుకో సత్తిబాబు బావా" అని వీపు నిమిరాడు. ఇద్దరినీ విడదీయవలసిన రిఫరీ తనూ వెళ్ళి కలిశాడు. కుస్తీ జరగలేదు. నిర్దుష్టమైన సంతాప సభ జరిగింది. జనం పిడతకింద పప్పు తినడం ముగించి, ఎవరినీ నొప్పించకుండా లేచి వెళ్ళిపోయారు. ఒక ముసలమ్మ మాత్రం బరి దగ్గరకు వచ్చి రిఫరీ చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండు బాబూ" అంది.

ఆ వారమే మండలి నిర్ణయం వచ్చింది. వచ్చే ప్రదర్శనలో జనాభిమానం సాధించని పక్షంలో ఎల్లాజీని తొలగిస్తారు.

సాధన గది మెట్ల మీద కూర్చున్నాడు ఎల్లాజీ. నవ్వులేని ఆ ముఖాన్ని నీలకంఠం మొదటిసారి చూశాడు.

"ఎల్లిపోమంటే ఎల్లిపోతాను మాస్టారూ. పడవుంది, నానున్నాడు. కానీ కుస్తీ ఒగ్గీలేను. ఇక్కడ తోసేత్తే ఇంకెక్కడ పడతాను?" అరచేతులు చూసుకుంటూ, "నా మొకానికి దుక్కం రాకపోడం నా తప్పేనంతారా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం చక్రధర ప్రసాద్ గారు నీలకంఠాన్ని పిలిపించి, తలుపు దగ్గరగా వేయించారు.

"మాస్టారూ, మీ వద్ద వినియోగించని దుఃఖం ఒకటి ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది."

నీలకంఠం చేయి కళ్ళజోడు మీదకు వెళ్ళింది.

"అపార్థం చేసుకోకండి. కల్పిత దుఃఖాలతో మనం విఫలమయ్యాం. అసలుది కావాలి. దాన్ని ఎల్లాజీకి బదలాయిద్దాం. పూర్తిగా కాదు, అరువు ప్రాతిపదికన. మీ శ్రీమతి గారు అతనికి మేనత్త అవుతారు. పెంచిన మేనత్త."

అక్కడ లేచి రావలసింది. అలాంటి చోట లేచి వచ్చే మనుషుల గురించి పాఠాలు చెప్పినవాడే. కానీ అతను లేవలేదు. "అరువంటే ఎన్నాళ్ళకు?" అని అడిగాడు. ఎల్లాజీ కోసమే అడిగాడు, అది నిజం. ఇంకో నిజం కూడా ఉంది. అందరూ ఆ దుఃఖాన్ని దాచుకోమన్నవాళ్ళే. కావాలని అడిగిన కార్యాలయం ఇదొక్కటే.

రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆస్పత్రి మంచం మీంచి ఆవిడ కిటికీకేసి చూసింది. మబ్బు పట్టింది, ఇంటి మేడమీద వడియాలు తడిసిపోతాయి, వెళ్ళి తీసి రండి అంది. వెళ్ళాడు. వడియాలు తీశాడు. తిరిగి వచ్చేసరికి ఆవిడ లేదు. అంతే. అందులో ఒక్క మాట ఎక్కువ లేదు. రాసింది మళ్ళీ చదువుకున్నాడు, కళ్ళు చెమ్మగిల్లాయి. శ్మశానంలో కూడా చెక్కుచెదరని మనిషి తన వాక్యాలకు చలించిపోయాడు. ఆ సంగతి తనకే తెలిసి, చుట్టూ చూసి, రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

చక్రధర ప్రసాద్ గారు చదివి తల పంకించారు. "అద్భుతం. వడియాలు మాత్రం తీసేద్దాం. కుస్తీకి సంబంధం కుదరడం లేదు. చివరి మాటగా, 'నువ్వు ఛాంపియన్ కావాలిరా ఎల్లాజీ' అని పెట్టండి."

"ఆవిడ అలా అనలేదండీ."

"మేనత్త అంటుంది కదా."

నీలకంఠం ఎర్రసిరా పెన్ను తీసి, వడియాలు కొట్టేశాడు. గీత వంకర పోకుండా కొట్టాడు.

మూడో ప్రదర్శనకు మైదానం నిండింది. ఎంతమంది ఏడుస్తారో చూద్దామని వచ్చినవాళ్ళే ఎక్కువ. మైకులో చక్రధర ప్రసాద్ గారి గొంతు మోగింది. "నేటి దుఃఖం మండలికి ప్రేమతో సమకూర్చినవారు, అర్ధాంగిని కోల్పోయిన తెలుగు పండితులు శ్రీ బొడ్డేపల్లి నీలకంఠం గారు. దుఃఖదాతను బరి మీదకు ఆహ్వానిస్తున్నాం."

ఇది అతనికి ముందు చెప్పలేదు. ఇద్దరు వచ్చి రెక్క పట్టుకుని తాళ్ళ మధ్యనుంచి లోపలికి దూర్చారు. ఒక చెప్పు కిందే ఉండిపోయింది. శాలువా కప్పారు, దండ వేశారు, ఫొటో తీశారు. జనం అలవాటుగా చప్పట్లు కొట్టారు. అతను అలవాటుగా నమస్కారం పెట్టాడు. తన భార్య చనిపోయినందుకు తాను సన్మానం పొందుతున్నానని అర్థమయ్యేసరికి దండ మెడలోనే ఉంది.

ఎల్లాజీ చేతికి మైకిచ్చారు. పొద్దున్నే చదువుకున్న కాగితం చేతిలో ఉన్నా, అతను దాని వైపు చూడలేదు. శాలువాలో ఒంటిచెప్పుతో నిలబడిన మాస్టారి వైపు చూశాడు.

"ఈ అత్త... మీ ఆవిడా మాస్టారూ?"

మైకు పనిచేస్తోంది. మైదానమంతా వింది. నీలకంఠం అవునని తలాడించాడు.

"నాకెవులూ సెప్పనేదు" అన్నాడు ఎల్లాజీ. కాగితం నాలుగు మడతలు పెట్టి మాస్టారి చేతిలో పెట్టాడు. "నాను సెప్పను. ఇది నాది కాదు."

"చదువు, చదువు!" అని కిందనుంచి చక్రధర ప్రసాద్ గారు పళ్ళ బిగువున అన్నారు.

ఎల్లాజీ జనం వైపు తిరిగాడు. "బాబూ, నాకు దుక్కం నేదు. మొన్న మా నాన సచ్చిపోనాడని సెప్పినది అబద్దం. అదిగో, కూకున్నాడు. నాకు పడటవంటే సరదా. ఈ సత్తిబాబు బావ నన్నెత్తి ఇసిరేత్తే, కిందకొచ్చేలోపల మీరంతా తలకిందులుగా కనిపిత్తారు. భలేగుంతాది. అదొక్కటే నాకాడున్నాది. అది సూత్తే సూడండి. నేకపోతే రేపట్నించి పడవలో ఉంతాను."

అప్పటికే ఏడవడానికి గొంతు సవరించుకుంటున్న యమగండం అది విని ఆగిపోయాడు. ఇవాళ ఏడవక్కర్లేదని అతనికి అర్థమైంది. ఏడుపు మొదలైననాటి నుంచి అణచుకున్న ఉద్యోగధర్మం ఒక్కసారి పైకి లేచింది. ఎల్లాజీని నడుం పట్టుకుని ఎత్తి, తల మీద తిప్పి, విసిరాడు. బరి చెక్కలు పేలినట్టు చప్పుడైంది. ముందు వరస ఉలిక్కిపడింది. ఎల్లాజీ చాలాసేపు కదల్లేదు. తరువాత మోచేయి మీద లేచి, నోట్లో దుమ్ము ఊసి, నవ్వాడు.

"ఇంకోపాలి!"

మళ్ళీ విసిరాడు. మళ్ళీ లేచాడు. ఈసారి "ఇంకోపాలి" అన్నది ఎల్లాజీ కాదు, వెనక గోడ మీద కూర్చున్నవాళ్ళెవరో. తరువాత మైదానమంతా. విసిరినప్పుడల్లా అరుపు, లేచినప్పుడల్లా దానికి రెట్టింపు. నూకాలు కొంగు బిగించి బరి దగ్గరకు వచ్చింది. "ఒరే సత్తిగా! నా పిల్లణ్ణి ఇంకోపాలి ఎత్తినావంటే నీ రెక్కలిరిసేత్తాను!" జనం ఆమె వెనక చేరి యమగండాన్ని తిట్టడం మొదలుపెట్టారు. ఆ తిట్లు వింటూ సత్తిబాబు ముఖం వెలిగిపోయింది. ఉద్యోగంలో చేరాక అంత సంతోషంగా మీసం తిప్పలేదు.

తాళ్ళ మూల ఇరుక్కుపోయిన దుఃఖదాతను అందరూ మరిచిపోయారు. ఎవరో "ఇంకోసారి!" అని అరుస్తున్నారు, గొంతు కీచుగా ఉంది, ఉచ్చారణ మాత్రం స్పష్టంగా ఉంది. అది తన గొంతేనని నీలకంఠానికి కాసేపటికి తెలిసింది.

ఆ రోజు ఎల్లాజీ గెలవవలసి ఉంది. ఎవరికీ గుర్తు లేదు, ఎల్లాజీతో సహా. ఓడిపోయాడు. ఓడిపోయినవాణ్ణి జనం భుజాల మీద ఎత్తుకుని మైదానం చుట్టూ తిప్పారు. చక్రధర ప్రసాద్ గారు కార్యక్రమ పత్రం పట్టుకుని, "గెలిచినవారు ఇటు కదా" అంటూ వాళ్ళ వెంట కొంతదూరం నడిచారు.

ఎల్లాజీని తొలగించలేదు. తొలగించడానికి వీల్లేకుండా మర్నాడు టిక్కెట్ల కోసం గేటు దగ్గర జనం. మండలి అత్యవసరంగా సమావేశమై, ఎల్లాజీ విజయానికి కారణం దుఃఖం లేకపోవడమేనని శాస్త్రీయంగా తేల్చింది. కొత్త ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట మండలి మల్లులకు గానీ, సిబ్బందికి గానీ ఎటువంటి దుఃఖమూ ఉండరాదు. రిఫరీ నవ్వు సాధన చేయసాగాడు. నీలకంఠం విషయంలో మాత్రం చేయగలిగిందేమీ లేకపోయింది. అతని దుఃఖం రికార్డులకు ఎక్కిపోయింది. అందువల్ల అతన్ని మాతృ పాఠశాలకు తిప్పి పంపుతున్నామని, ఇన్నాళ్ళ సేవలకు కృతజ్ఞతలని రాసి ఇచ్చారు.

గుమాస్తా ఇంకో కాగితం ముందుకు జరిపాడు. మండలి అరువు తీసుకున్న దుఃఖము ఒకటి, వాడిన గుర్తులు లేకుండా, యథాస్థితిలో యజమానికి ముట్టినది.

"దీని మీద కూడా సంతకం పెట్టాలా?"

"పెట్టాలండి మాస్టారూ. లేదంటే మా స్టాకులో మిగిలిపోద్ది. ఆడిట్ వాళ్ళు ప్రాణం తీస్తారు."

"యథాస్థితిలో ఉందని ఎవరు చూశారు?"

"అది అచ్చులోనే అలా ఉంటుందండి" అన్నాడు గుమాస్తా జాలిగా. నీలకంఠం సంతకం పెట్టాడు.

బయట ఎల్లాజీ నిలబడి ఉన్నాడు. భుజానికి కట్టు, ముఖం నిండా పాత నవ్వు. మాస్టారి గొడుగు అందుకుని పక్కన నడిచాడు. కొంతదూరం పోయాక నవ్వు తగ్గించి అడిగాడు.

"మాస్టారూ, ఆవిడ పేరేటి? కాగితంలో అంతా అత్త అత్త అనే ఉన్నాది."

నీలకంఠం ఆగాడు. అంత జాగ్రత్తగా రాసిన దాంట్లో పేరు లేదన్న సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది. మండలి వాళ్ళు కొట్టేయలేదు. తనే రాయలేదు.

"వరహాలు" అన్నాడు.

"అలాగా! మా పిన్ని పేరూ అదే" అన్నాడు ఎల్లాజీ సంబరంగా. "మా ఊళ్ళో శానా మందికి ఆ పేరే. వీధిలో నిలబడి వరహాలూ అని పిలిత్తే, ఏదో ఒక ఇంట్లోంచి పలుకుతారు."

నీలకంఠం బస్టాండు దగ్గరికి వచ్చాక, ఆ ఊరికి బస్సులో ఎంతసేపు పడుతుందని అడిగాడు.